మన ఆరోగ్య సహాయ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే కనుక నేరుగా పనిలోకి వస్తాను. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగల ఆపరేషన్ల మీదే ఈ ఏడాది దృష్టి పెట్టాం: కంటి శుక్లాలు, హెర్నియా, వరిబీజం.

2007లో ఆరోగ్యశ్రీ తొలుత మొదలైన మూడు జిల్లాల్లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. సంతోషమే. అయితే తోడు వెళ్లిన కొడుకు పోగొట్టుకున్న కూలి ఏ కార్డూ ఇవ్వదు, చివరి బస్సు తప్పితే ఊరికి చేర్చదు. నల్లమల అంచు ఊళ్లలో ఆపరేషన్లు వాయిదా పడేది ఎక్కువగా అక్కడే.

మాఘమాసంలో మనం నడిపిన శుక్లాల ప్రయాణం గురించి గర్వంగా చెప్పుకోవచ్చు. అంతకుముందు చక్కెర ఎక్కువుందని కొందరిని ఆసుపత్రి గుమ్మం నుంచే వెనక్కి పంపారు. అందుకే ఈసారి వారం ముందే ఊళ్లోనే బీపీ, షుగర్ చూపించాం. లెన్సు వేయడం ఎంతోసేపు పట్టదు. మరుసటి రోజు కట్టు విప్పి కన్ను చూడడానికి మళ్లీ పట్నం పోవాలంటేనే ముసలివారు బెదిరిపోతారు. ఆ పరీక్ష మండలంలోనే చేయడానికి ఒప్పుకున్న కంటి విభాగం ఉద్యోగి గారికి చేతులెత్తి మొక్కుతున్నాం. చదువు రాని అవ్వలు చుక్కల సీసాలను పోల్చుకోలేకపోతుంటే, మన యువ కార్యకర్త ఒకమ్మాయి రోజుకు ఎక్కువసార్లు వేయవలసిన సీసా మెడకు ఎర్రదారం, మరోదానికి పచ్చదారం కట్టింది. ఆ ఉపాయం ఏ డాక్టరూ చెప్పింది కాదు.

హెర్నియా, వరిబీజం విషయంలో మాత్రం అనుకున్నంత జరగలేదు. దగ్గరి సర్కారు ఆసుపత్రిలో బల్ల ఉంది, దీపం ఉంది, మత్తు డాక్టరు లేరు. వినతిపత్రాలు ఇచ్చినప్పుడల్లా "పైకి పంపాం" అన్నారు. ఎంత పైకో మాత్రం చెప్పలేదు. 2022లో నాగర్‌కర్నూలుకు వైద్య కళాశాల వచ్చింది కాబట్టి కొందరినైనా అక్కడికి తీసుకెళ్లగలిగాం.

తోడు వెళ్తామని పేర్లు రాయించుకున్నవారిలో చాలామంది ప్రయాణం రోజు ఫోను ఎత్తలేదు. పత్తి ఏరే రోజులని తెలుసు, కానీ ముందుగా చెప్పి ఉంటే మరొకరిని చూసుకునేవాళ్లం. వచ్చే ఏడాది పేరు రాయించేవారు ఇది గమనించాలి.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. ఖర్చులో సింహభాగం ఆటోలు, జీపులదే. రసీదులన్నీ ఉన్నాయి.

అర్ధరాత్రి అయినా అందరినీ ఇంటి గడప దగ్గర దింపిన జీపు డ్రైవర్లకు, భోజనం వండిన మహిళా సంఘానికి, ఆశా కార్యకర్తలకు, గది ఇచ్చిన పాఠశాల వారికి ధన్యవాదాలు. తోడు వెళ్లేవారికి ఒక రోజు కూలి సంఘమే ఇవ్వాలన్న ప్రతిపాదనను సభ ముందు ఉంచుతున్నాను.

కార్యదర్శి