రేపు చేస్తానమ్మా

నెల్లూరు,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి చిన్నాకు అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ మేం క్షేమం. నీ క్షేమం తెలియాల. నువ్వు ఆఖరున పంపిన మెసేజ్ ‘రేపు చేస్తానమ్మా’ అని. దానికి ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు. పనిగట్టుకుని లెక్కపెట్టలేదు. క్యాలెండర్లో పాల లెక్క పక్కనే రాసుకున్నా, రోజూ కనపడుతుంది.

ఊరికే రాస్తుండా, కంగారు పడబాక. మొన్న వానకు రెండో గదిలో చెమ్మ దిగింది. ట్రంకుపెట్టె జరిపి, పుస్తకాలు తీసి మేడమీద ఎండలో పరిచా. అడుగున వెల్స్ రాసిన ‘టైమ్ మెషిన్’ దొరికింది. మద్రాసులో మూర్ మార్కెట్ కాలిపోకముందు పెద్దమామ కొనిచ్చింది. అట్ట ఊడింది, మూడో వంతు పురుగు కొట్టేసింది. నీకు ఎనిమిదేళ్లప్పుడు నీలం పెన్సిల్‌తో దాని మీద గీసిన యంత్రం బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. దానికి ఆటో చక్రాలు పెట్టావు.

ఎండ తగ్గేదాకా అక్కడే కూర్చుని చదివా. అది 1895లో వచ్చిన పుస్తకం, కాలంలో ముందుకు పోయే యంత్రం కథ. పిల్లగా ఉన్నప్పుడు చదివితే నాకు 8,02,701వ సంవత్సరమే కళ్లముందు ఉండేది. ఆ కాలంలో నేలమీద ఉండే మెత్తటి మనుషులు ఎలాయ్‌లు, నేలకింద చీకట్లో ఉండే మోర్లాక్‌లు, వాటికి భయపడి అగ్గిపుల్లలు గీసుకుంటూ పోవడం. ఈసారి ఆఖరి పేజీ దగ్గర ఆగిపోయా. ఆ యంత్రం చేసినాయన కెమెరా, సంచీ పట్టుకుని మళ్లీ బయల్దేరతాడు. అరగంట చాలంటాడు స్నేహితుడితో. ఆ స్నేహితుడు కూర్చుని ఉంటాడు. మూడేళ్లయినా ఆయన రాడు. ఇన్నిసార్లు చదివినా, కూర్చుని ఎదురుచూసే ఆ మనిషిని నేను ఎప్పుడూ పట్టించుకోలేదు చిన్నా.

సరే, సంగతేందంటే మంగత్త ఫోన్ చేసింది. వాళ్ల రవి బెంగుళూరులో నీ రూముకు పోతే తాళం వేసుందంట. నువ్వు ఉద్యోగం మానేసి నెల దాటిందంట. హైదరాబాదులో ఎవరో నలుగురితో కలిసి సైన్స్ ఫిక్షన్ సినిమాకు కథ రాస్తుండావంట. నేను నమ్మలేదు. నమ్మకుండా ఉండటానికి కూడా నాకు ఏ ఆధారమూ లేదు. రవి కనుక్కుని చెప్పిన అడ్రసుకే ఈ ఉత్తరం పంపుతుండా. నువ్వు అక్కడ లేకపోతే తిరిగొస్తుంది, అప్పుడు నమ్మను.

అక్కడ భోజనం ఎట్టా? మెస్సులో అన్నంలో సోడా వేస్తారు, నీకు పడదు. పొద్దున రాగిజావ తాగు. కళ్లద్దాల పవర్ చూపించుకుని రెండేళ్లయింది.

ఆరోజు ఫోన్‌లో మీ నాన్న ‘ఆ సినిమాలు చూసే చెడిపోయావు’ అన్నది నేను విన్నా. నిన్ను ఆ సినిమాలకు తీసుకుపోయింది నేను. ఆ పుస్తకాలు చదివి వినిపించింది నేను. కాబట్టి అది నీకు తగిలినంతా నాకూ తగిలింది. అసలు ఆ సినిమాలు మన ఇంట్లోకి ఎట్టా వచ్చాయో నీకు ఎప్పుడన్నా చెప్పానో లేదో.

1991. మాకు పెళ్లయి నాలుగేళ్లు. మూలాపేట అద్దె ఇంట్లో ఉన్నాం. జులైలో ‘ఆదిత్య 369’ వచ్చింది. బడిలో పిల్లలు నా పాఠం విననే లేదు, కాలం వెనక్కి పోతుందా టీచర్ అని ఒకటే అడగడం. మీ నాన్నకు డ్యూటీ. మంగత్త, నేను పోదామనుకుంటే మీ జేజి ‘అందులో కృష్ణదేవరాయలు ఉండాడంట గదా, నేనూ వస్తా’ అని చీర మార్చుకుని గడపలో నిలబడింది. పౌరాణికాలు తప్ప చూడని మనిషి. ముగ్గురం ఒకే రిక్షాలో పొయ్యాం. ఆమె ఒళ్లో మురుకుల డబ్బా.

హాల్లో నేను సినిమా కంటే జేజినే ఎక్కువ చూశా. యంత్రం కదిలినప్పుడు నా చెయ్యి పట్టుకుంది. రాయలవారు కనపడగానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ తర్వాత కథ 2504కి పోతుంది గదా. యుద్ధం జరిగి, పైన రేడియేషన్ నిండిపోయి, జనం నేలకింద బతుకుతుంటారు. పక్కసీట్లో పిల్లలు కేకలు వేస్తుంటే జేజి మాత్రం నా చెవిలో ‘ఎండ పొడే లేకపోతే వడియాలు యాడ పెట్టుకుంటారమ్మేయ్?’ అంది. ఎంతో బాధపడి అడిగింది. నేను ముప్ఫై రెండేళ్లు సైన్సు చెప్పా, అణుయుద్ధం అంటే ఏం పోతుందో అంత సూటిగా ఏ పిల్లాడికీ చెప్పలేకపొయ్యా.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో, ఇదేం కొత్త కాదంది. రేవతమ్మను వాళ్ల నాయన బ్రహ్మ దగ్గరికి తీసుకుపోయి, పెళ్లికొడుకు ఎవరని అడుగుదామనుకుంటే అక్కడ పాట నడుస్తుందంట. పాట అయ్యేదాకా ఆగి అడిగితే బ్రహ్మ నవ్వి, ‘ఈలోపల కింద ఇరవైయేడు మహాయుగాలు పోయినాయి, నువ్వు అనుకున్న వాళ్లెవరూ లేరు’ అన్నాడంట. భాగవతంలో ఉందది. ‘పాపం ఆ పిల్ల. ఒక్క పాట వినొచ్చేలోగా ఊళ్లో తెలిసిన మొహం లేకపాయె’ అని జేజి దారిపొడుగునా దాన్నే తలుచుకుంది.

ఇల్లు చేరాక అన్నాలు తిన్నాం, పడుకున్నాం. తెల్లవారి పంపు దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంటే జేజి వచ్చింది. ‘ఆ మిషను వెనక్కేనా, ముందుక్కూడా పోద్దా?’ అంది. పోతుందత్తా, చూశాం గదా అన్నా. బిందె నిండి పొర్లిపోతుంది, ఆమె కదలదు. ‘నాకు రాయలూ వద్దు, ఆ నేలకింద ఊరూ వద్దు. వచ్చే సంక్రాంతికి ఒక్కసారి తీసకపోయి ఈ ఇంటి గుమ్మంలో దించితే చాలు. లోపల ఉయ్యాల కట్టుందో లేదో చూసుకుని వచ్చేస్తా’ అంది.

నాలుగేళ్లలో ఆమె నన్ను ఆ విషయం ఒక్కసారి కూడా అడగలేదు. ఊళ్లో అందరూ అడిగారు. మద్రాసు డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నప్పుడు కూడా ఆమె ఏదో ఒకటి మూటగట్టి ఇచ్చిందే తప్ప మాట అనలేదు. కడుపులో ఇంత పెట్టుకుని ఉందని ఆ సినిమా చూశాకే నాకు తెలిసింది.

ఆ సంక్రాంతికి కట్టలేదు, ఆపై సంక్రాంతికీ కట్టలేదు. 93 శ్రావణంలో నువ్వు పుట్టావు. నిన్ను మొదటిసారి ఒళ్లోకి తీసుకుని ‘వచ్చినావా మిషనబ్బాయీ’ అంది. అందుకే చచ్చిపోయేదాకా నిన్ను అట్టానే పిలిచింది. పేరు ఎందుకు పెట్టిందో నువ్వు అడిగినప్పుడల్లా కుట్టుమిషను తిప్పి పాడుచేశావు కాబట్టి అని అబద్ధం చెప్పా.

నిన్ను కథ రాయొద్దు అని నేను చెప్పను. చెప్పడానికి నోరు రాదు. కానీ ఒక్కటి ఆలోచించు. సింగీతం శ్రీనివాసరావు గారు మన జిల్లా మనిషే. వెల్స్ పుస్తకం ఆయన చదివింది కాలేజీ రోజుల్లో. సినిమాగా తీసింది అరవయ్యో ఏట. మధ్యలో ‘మాయాబజార్’కి కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేశాడు, మాటల్లేని ‘పుష్పక విమానం’ తీశాడు, ఇంకా ఎన్నో తీశాడు. కథ ఆయన్ని వదల్లేదు, ఆయన పని మానలేదు. చివరికి మన పాటల బాలుగారు ఆ ఆలోచన విని, నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్ గారికి చెబితే పట్టాలెక్కింది. వెల్స్ కూడా ముందు పిల్లలకు సైన్సు చెప్పుకుని బతికినవాడే. సైన్స్ కథలు రాసిన అసిమోవ్ రోబోలకు మూడు సూత్రాలు పెట్టిన కథ 1942లోనే అచ్చయింది, 1958 దాకా ఆయన యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ చెబుతూనే రాశాడు. నీకు పెట్టిపోషించేవాళ్లు లేరని కాదు. పీఎఫ్ డబ్బు మాత్రం తియ్యబాక. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, ముందు సొంతంగా ఒకటి తీసుకో. కథ రాత్రిళ్లు రాస్తుండావేమో, పన్నెండు దాటాక మెలకువగా ఉండబాక.

లెక్చర్ ఇవ్వననుకునే మొదలుపెట్టా. సరే.

ఇంకో మాట, ఇది నీ కథకు పనికొస్తుంది. పెద్దమామ ఇంట్లో ఆదివారం పొద్దున దూరదర్శన్లో ‘స్టార్ ట్రెక్’ చూసేవాళ్లం. అమెరికాలో అది 1966లో మొదలై మూడేళ్లకే ఆపేశారు. ఆ అంతరిక్ష ఓడలో తలుపులు మనిషి దగ్గరికి రాగానే వాటంతటవే తెరుచుకునేవి. నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. తర్వాతెప్పుడో చదివా, గోడ వెనక మనుషులు నిలబడి తాళ్లతో లాగేవాళ్లంట. నటులు మాత్రం తలుపు తెరుచుకుంటుందనే నమ్మకంతో ఆగకుండా నడిచొచ్చేవాళ్లు. ఆ నడక చూసే మేం నమ్మాం. ఇప్పుడు వచ్చేవాటిలో నగరాలే కూలిపోతుంటాయి, ఎవరూ ఎవరి కోసం ఎదురుచూడరు. నాకు నిలవదు. ‘మాయాబజార్’లో శశిరేఖ ప్రియదర్శిని పెట్టె మూత తీస్తే అభిమన్యుడు కనపడతాడే, 1957 నాటి ఆ పెట్టె నాకు ఇప్పటికీ పాతబడలేదు. తీసి చూస్తే మనకు ఎవరి మీద ప్రాణమో వాళ్లే కనపడాలి, అంతే గదా అందులో. ఈ ఫోను మూత లేని ప్రియదర్శిని. నలభై ఒక్క రోజులుగా అందులో మంగత్త తప్ప ఎవరూ కనపడటం లేదు.

మొన్న రాత్రి మీ నాన్నకు ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ కథ చెప్పా. పద్దెనిమిదేళ్ల పిల్ల మొదలుపెట్టి రాసింది, 1818లో అచ్చయింది. అందరూ దాన్ని దయ్యం కథ అనుకుంటారు. అందులో సైంటిస్టు తను తయారుచేసిన జీవికి ప్రాణం పోసినందుకు కాదు, పోశాక దాని మొహం చూసి పారిపోయినందుకే అంతా నాశనమైంది. కన్నాక ఒళ్లోకి తీసుకోవాలి, ఎట్టా ఉన్నా. మీ నాన్న ఏమీ అనలేదు. లేచి మేడమీదికి పోయి చాలాసేపు నిలబడ్డాడు. ఆయన కోపం అరిచిన రోజే పోయింది. డైరీలో శ్రీహరికోట ప్రయోగం తేదీలన్నీ ఇప్పటికీ రాస్తుండాడు, నీకు చెప్పడానికే. 2023 సెప్టెంబరులో సూర్యుణ్ణి చూడటానికి ఆదిత్య పోయినప్పుడు ‘చిన్నాగాడి సినిమా పేరే పెట్టారు’ అని వీధంతా చెప్పాడు.

నీకు గుర్తుందా, 2008 అక్టోబరులో చంద్రయాన్‌కు సూళ్లూరుపేట బుజ్జి పెద్దమ్మ ఇంటికి పొయ్యాం. రాత్రంతా వాన. తెల్లారి ఆరుంబావు దాటాక మేడమీద ముగ్గురం ఒకే గొడుగు కింద. మబ్బు లోపల ఒక్కసారి వెలుగు వచ్చింది. చప్పుడు లేదు. నువ్వు మొహం వేలాడేసి, ‘పేలిపోయిందామ్మా’ అన్నావు. కాదు నాయనా, చప్పుడు నడిచి రావాలి, కిలోమీటరుకు మూడు సెకన్లు, లెక్కపెట్టు అన్నా. ఇద్దరం పైకే లెక్కపెట్టాం. అరవై దాటింది. అప్పుడు వచ్చింది, కిటికీ రెక్కలు అదిరాయి, నువ్వు నన్ను పట్టుకుని ఎగిరావు.

నువ్వు రాస్తుండావని వెలుగైతే కనపడింది చిన్నా. చప్పుడే రాలేదు.

గోంగూర పచ్చడి, కారప్పొడి, మొలగొలుకుల బియ్యం ఐదు కిలోలు బస్సులో వేశాం. నీతో ఉండే ఆ నలుగురికీ మలై కాజా పెట్టా, పంచు, నువ్వొక్కడివే తినబాక. ట్రంకుపెట్టెలో దొరికిన ఆ పుస్తకం కూడా పెట్టా, బియ్యం సంచి కింద, పచ్చడి నూనె అంటకుండా కవర్లో చుట్టా. పార్సిల్ తీసుకున్నాక ఒక్క రింగు ఇచ్చి పెట్టెయ్యి, మాట్లాడకపోయినా పర్లేదు. నేను లెక్కపెడుతూనే ఉండా.

మీ అమ్మ

ఉత్తరం మడిచేటప్పుడు మీ నాన్న వచ్చి, ఎండాకాలం వస్తుంది, గదిలో ఫ్యాన్ సరిగ్గా తిరుగుతుందో లేదో అడగమన్నాడు.