వార్షిక నివేదిక 2025–26: తొలిసారి ఇల్లు కొనేవారికి తోడుగా మన సంఘం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నివేదికలో ఎక్కువ చోటు ఒక్క పనికే ఇస్తున్నాం. మొదటిసారి ఇల్లు గానీ, ప్లాటు గానీ కొనబోయేవాళ్లకు కాగితాలు చదవడంలో, లోన్ లెక్కలు వేసుకోవడంలో సాయపడే మన ఆదివారం కార్యక్రమం అది. కాలనీలో అద్దెకుండే కుటుంబాలు, కాజీపేట రైల్వే ఉద్యోగులు, ప్రైవేటు టీచర్లు, సభ్యుల పిల్లలు వచ్చారు. వాళ్లలో చాలామంది ఇళ్లల్లో అంతకుముందు పట్నంలో జాగ కొన్నవాళ్లు లేరు. అడగడానికి పెద్దదిక్కు లేనప్పుడు బ్రోకర్ చెప్పిందే నమ్మాల్సి వస్తుంది. 2025 ఫిబ్రవరిలో వరంగల్ పక్కన మామునూరు ఎయిర్‌పోర్టుకు కేంద్రం అనుమతి ఇచ్చాక ‘ఇవాళ బయానా (అడ్వాన్సు) ఇవ్వకపోతే రేపు ఈ రేటుకు రాదు’ అనే మాట ఇంకా ఎక్కువగా వినిపిస్తోంది. అందుకే వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందుగా ఇదే చెప్పాం: కాగితాలు చూసేదాకా రూపాయి ఇవ్వొద్దు.

రిజిస్ట్రేషన్ అయితే చాలు, ఇక జాగ మనదేనన్న నమ్మకం జనంలో బలంగా ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అమ్మేవాళ్ల హక్కును లోతుగా విచారించరు. అది కొనేవాళ్లే చూసుకోవాలి. లింక్ డాక్యుమెంట్లను, అంటే ఆ జాగ ఇదివరకు చేతులు మారిన పాత పత్రాలను, వరుసగా పెట్టుకుని, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, సర్వే నంబరు, హద్దులు, గజాలు అన్నింట్లోనూ ఒక్కటేనా అని చూడటం అందరికీ నేర్పించాం. జాగ మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకుముందువి ఆఫీసులో అడిగి తీయించుకోవాలి. పైగా ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. సాదాబైనామా (రిజిస్టర్ చేయని తెల్లకాగితం ఒప్పందం) మీద చేతులు మారిన భూమి, అన్నదమ్ముల పంపకంలో తేలని వాటా అందులో ఉండవు. వాటి కోసం ఊళ్లోకి వెళ్లి పక్క జాగల వాళ్లను అడగాల్సిందే. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని కొంటే 1977 చట్టం ప్రకారం ఆ కొనుగోలు చెల్లదు. నిషేధిత భూముల జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో ఆన్‌లైన్‌లో చూసుకోవడానికి ఎంతోసేపు పట్టదు. పంచాయతీ ముద్ర ఉన్న లేఅవుట్ కాగితం చూపించి అప్రూవ్డ్ అంటే నమ్మొద్దు, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు, 8 దాటి ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. రెరా కిందికి వచ్చే ప్రాజెక్టులో అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డర్‌కు లేదు.

ఒక టీచర్ దంపతులు బయానా డబ్బు చేతిలో పట్టుకుని మన దగ్గరికి వచ్చారు. అమ్మేవాళ్లు ఆ సాయంత్రం దాకే టైమిచ్చారట. ఈసీ తీస్తే ఆ ఇల్లు అప్పటికే తాకట్టులో ఉంది. వాళ్లు వెనక్కి తగ్గారు. ఆ రోజు వాళ్ల ముఖాల్లో కనిపించిన ఊరట ఒక్కటి చాలు, ఈ పని ఆపకూడదని అనిపించడానికి.

వానాకాలంలో కొనబోయేవాళ్లతో కలిసి కాలనీలు తిరిగాం. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరదలు, 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను వచ్చాయి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వరంగల్‌లో గోడలే చూపిస్తాయి. నాలా ఎటు పోతుంది, చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) ఎక్కడ అని ఇరిగేషన్ ఆఫీసులో అడగాలి. దానితోపాటు ఆ వీధిలో అద్దెకుండే వాళ్లను కూడా అడగాలి. సొంతదారుకు ఇల్లు అమ్ముకోవాలన్న ఆశ ఉంటుంది, అద్దెవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్తారు.

డబ్బు లెక్కల దగ్గరే అందరికీ టెన్షన్. 40 లక్షల ఫ్లాట్‌కు బ్యాంకు 80 శాతం మించి ఇవ్వదు, అంటే 32 లక్షలు. మిగతా 8 లక్షలకు తోడు స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి 7.5 శాతం, ఇంకో 3 లక్షలు చేతి నుంచే పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని డాక్యుమెంట్‌లో ధర తక్కువ రాయిస్తే లోనూ తగ్గుతుంది. ఈఎంఐ తగ్గుతుందని 30 ఏళ్లకు వెళ్లేవాళ్లకు ఒక లెక్క చూపించాం. 25 లక్షలు, 8.5 శాతం వడ్డీ మీద 20 ఏళ్లకు నెలకు సుమారు 21,700, 30 ఏళ్లకు సుమారు 19,200. నెలకు రెండున్నర వేలు తగ్గుతుంది గానీ మొత్తం వడ్డీ దాదాపు 17 లక్షలు పెరుగుతుంది. ఆ అంకె చూశాక చాలామంది చిన్న ఇల్లయినా పర్వాలేదని ఆలోచన మార్చుకున్నారు. అది మంచి నిర్ణయమనే మా అభిప్రాయం. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్లకు కేంద్రం ఇళ్ల పథకం పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) అర్బన్ 2.0లో 1.80 లక్షల దాకా వడ్డీ రాయితీ ఉంది. ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటకూడదు. అర్హత ఉండి కూడా ఈ సంగతి తెలియనివాళ్లు మనలోనే ఉన్నారు, దయచేసి చెప్పండి.

బతుకమ్మ ఏర్పాట్లు, వైద్య శిబిరం, వీధి దీపాల ఫిర్యాదులు ఎప్పటిలాగే సాగాయి. జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం, సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాం.

వచ్చే ఏడాదికి ఒక అవసరం ఉంది. పాత భూముల దగ్గర 1954–55 ఖాస్రా పహాణీ (అప్పటి భూమి రికార్డు) దాకా వెళ్లాల్సి వస్తోంది, నిజాం కాలపు కాగితాలు కొన్ని ఉర్దూలో ఉంటున్నాయి. చదివి చెప్పేవాళ్లు లేక పని ఆగుతోంది. ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దలు, రెవెన్యూలో పనిచేసి రిటైరైన సభ్యులు నెలకు ఒక్క ఆదివారం వచ్చి కూర్చోగలిగితే సంఘం ఆఫీసులో పేరు ఇవ్వండి. ఇంటికి వచ్చి తీసుకెళ్లి, మళ్లీ దింపే బాధ్యత మాది.

కార్యదర్శి