గుర్తు తెలియని అస్థికలను ఖననం చేసేముందు రెండు పళ్లు భద్రపరచండి: హోం శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఎక్కడో తవ్వకంలో అస్థిపంజరం బయటపడితే వయసు, ఆడా మగా అన్న వివరాలతో పాటు డీఎన్ఏ నమూనా కూడా తీసుకోవచ్చు. కానీ ఆ డీఎన్ఏను పోల్చడానికి రక్తసంబంధీకులు దొరకాలి. వారిని ఏ ప్రాంతంలో వెతకాలో తెలియకపోతే దర్యాప్తు అక్కడే ఆగిపోతుంది. ఆ వెతుకులాట పరిధిని కుదించగలిగేది స్థిర ఐసోటోపుల పరీక్ష. ఐసోటోపులంటే ఒకే మూలకంలో బరువు మాత్రం వేరుగా ఉండే పరమాణువులు; వాటిలో కాలంతో క్షయించనివి స్థిర ఐసోటోపులు.

తాగునీటిలోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి తీరం నుంచి లోపలికి, పల్లం నుంచి ఎత్తుకు వెళ్లేకొద్దీ మారుతుంది. స్ట్రాన్షియం అనే మూలకపు 87, 86 ఐసోటోపుల నిష్పత్తి ఆ నేల కింది రాళ్ల వయసును, స్వభావాన్ని బట్టి ఉంటుంది. నీరు, ఆహారం ద్వారా ఇవి ఎముకల్లోకి, పళ్లలోకి చేరతాయి. ఎముక జీవితాంతం అరిగి మళ్లీ కట్టుకుంటుంది కాబట్టి అది చివరి సంవత్సరాల సంగతి చెబుతుంది. పంటి పైనుండే గట్టి పొర, ఎనామిల్ మాత్రం ఒకసారి ఏర్పడ్డాక మారదు. మొదటి దవడ పన్ను ఎనామిల్ సుమారు మూడేళ్లలోపే పూర్తవుతుంది, జ్ఞానదంతానిది బడి వయసులో మొదలై కౌమారం దాకా సాగుతుంది. ఒకే దవడలోని ఈ రెండింటి స్ట్రాన్షియం విలువలు బాగా వేరైతే, ఆ మనిషి పసితనంలో ఒకచోట, ఆ తరువాత మరోచోట పెరిగి ఉండవచ్చని అర్థం.

2001లో లండన్‌లోని థేమ్స్ నదిలో ఒక బాలుడి మొండెం దొరికింది. తల లేదు, కనుక పళ్లూ లేవు. ఎముకల్లోని ఐసోటోపుల ఆధారంగానే దర్యాప్తు నైజీరియా వైపు మళ్లింది. బాలుడి పేరు మాత్రం ఆ పరీక్ష చెప్పలేదు, అది చెప్పగలిగేదీ కాదు. దూరదూరపు ప్రాంతాలకు ఒకే విలువలు ఉండవచ్చు, మరిగించిన నీరు, బయటి నుంచి వచ్చిన ఆహారం లెక్కను తప్పించవచ్చు, మట్టిలోని ఎముకలోకి భూగర్భజలం నుంచి స్ట్రాన్షియం చేరవచ్చు. నా ఉద్దేశంలో ఈ పరీక్ష ‘ఇక్కడి మనిషే’ అనడానికి కన్నా ‘ఇక్కడి మనిషి కాదు’ అనడానికే ఎక్కువ నమ్మదగినది. కోర్టులోనూ దాన్ని అంతవరకే వాడాలి.

అందుకే ఖరీదైన యంత్రాలు అడగడం లేదు. భూగర్భశాస్త్ర ప్రయోగశాలల సహకారంతో పని మొదలుపెట్టవచ్చు. గుర్తు తెలియని అస్థికలను ఖననం చేసేముందు మొదటి దవడ పన్ను, జ్ఞానదంతం, తొడ ఎముక ముక్క, అక్కడి మట్టి కొంచెం విడివిడిగా భద్రపరచాలని, పళ్లను కోసేముందు ఫొటోలు, ఎక్స్‌రేలు తీయాలని ఉత్తర్వు ఇవ్వండి. ప్రాంతాల వారీగా నీరు, మొక్కల నమూనాలు సేకరించి ఐసోటోపుల పటం తయారుచేయించండి. పోల్చడానికి ఆ పటం లేకుంటే పంటిలోంచి తీసిన అంకెకు అర్థం ఉండదు.

ఇట్లు,
భవదీయుడు