మన జిమ్ పొద్దున బ్యాచ్ వాళ్లకి ఒక మాట

అన్నలకి, అక్కలకి, తమ్ముళ్లకి నమస్కారం. ఎవరినీ వేలెత్తి చూపడానికి కాదు గానీ, ఈ రోజు జరిగింది చూశాక రాయకుండా ఉండలేకపోతున్నా.

ఆరింటికి బెంచ్ మీద వెల్లకిలా పడుకుంటే వీపుకి చల్లగా తగిలింది. నాకు ముందు చేసినాయన చెమట! మన నెల్లూరు ఉక్కకి ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట కారుతుంది, అందులో తప్పేం లేదు. చిన్న టవల్ తెచ్చుకుని, లేచేటప్పుడు ఒకసారి తుడవండి చాలు.

ఇక ప్లేట్లు. కాళ్లతో బరువు తోసే లెగ్ ప్రెస్ మెషీన్‌కి అటు నాలుగు, ఇటు నాలుగు 20 కిలోలవి ఎక్కించి వెళ్లిపోతే ఆ 160 కిలోలు దించేదెవరు? నిన్న డిగ్రీ చదివే అమ్మాయి ఒక్కో ప్లేటూ పొట్టకి ఆనించుకుని స్టాండు దాకా మోసింది. చూసి నాకే సిగ్గేసింది.

డంబెల్స్ ధన్‌మని పడేయకండి. కింద టిఫిన్ హోటలాయన పైకొచ్చి, "ఏందయ్యా, పెనం మీద దోసె ఎగురుతోంది" అన్నాడు. కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు లిఫ్టులూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. అక్కడ కూడా జడ్జీలు సైగ చేసేదాకా బార్ దించకూడదు. మనకి 15 కిలోలకే ఇంత హడావుడి.

మెషీన్ మీదే కూర్చుని రీల్స్ చూసేవాళ్లు, వెనక నిలబడినవాళ్లకి మధ్యలో ఒక సెట్ ఇవ్వండి.

రేపు కౌంటర్ దగ్గర రెండు గుడ్డలు, స్ప్రే బాటిల్ పెడుతున్నా. దయచేసి ఇంటికి పట్టుకెళ్లకండి. పోయిన నెలవే ఇంకా దొరకలేదు.