కత్తి ఏ చేతిలో పట్టాలో ఆడేవారికి వదిలేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వీడియో గేముల గురించి వచ్చిన వ్యాసం చదివాను. బటన్లు నొక్కే కాలం చెల్లిపోయిందని, ఇకమీదట సాహసగాథల ఆటలన్నీ చేయి ఊపి, ఒళ్లు వంచి ఆడేవిగానే రావాలని వ్యాసకర్త రాశారు. పిల్లలు కూర్చున్న చోటు నుంచి కదలడం లేదన్న ఆయన బెంగ నాకూ ఉంది. నేనూ ఒక పిల్లవాడి తల్లినే. కానీ ఆయన చివరకు తేల్చిన మాటను ఒప్పుకోలేను. మోషన్ కంట్రోల్, అంటే చేతి కదలికతో ఆడే పద్ధతి, ఇష్టమైన వారికి ఉండాలి. చేయి ఊపితే తప్ప కథ ముందుకు కదలదనే షరతు మాత్రం ఏ ఆటలోనూ ఉండకూడదు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్పాలంటే ముందు నా చేతుల సంగతి చెప్పాలి.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర నాది చిన్న టైలరింగ్ దుకాణం. పుట్టుకతో ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఎడమ చేతితో అన్నం కలపబోతే మా నాయనమ్మ మణికట్టు మీద చరిచేది. బడిలో పలక మీద కుడి చేతితోనే దిద్దించారు. ఇవాళ్టికీ డబ్బు తీసుకునేది, కుట్టిన జాకెట్టు అందించేది కుడి చేతితోనే. పండగపూట కొత్తబట్టలు ఎడమ చేతితో ఇస్తే ఎవరి మనసుకైనా కష్టంగా ఉంటుంది కదా. గుడ్డ కత్తిరించేది మాత్రం ఎడమ చేతితోనే. మామూలు కత్తెరను ఎడమ చేతిలో పట్టుకుంటే ఏమవుతుందో కుడిచేతి వారికి తెలిసే అవకాశం లేదు. రెండు అలుగులూ ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా ఎడంగా జరిగిపోతాయి. గుడ్డ తెగకుండా మధ్యలో మడత పడుతుంది. సుద్దతో గీసిన గీత పై అలుగు వెనక్కి వెళ్లి కనిపించదు. ఎడమచేతి కత్తెర తెప్పించుకున్నాక గానీ నా పని చక్కబడలేదు. ఏ పనిముట్టు చేసేవారైనా ముందుగా ఒక చేతిని ఊహించుకునే చేస్తారని నేను అక్కడ తెలుసుకున్నాను.

మా తమ్ముడు దుబాయ్‌లో పనిచేసేటప్పుడు జపాన్ గేముల కంపెనీ నింటెండో వారి వీ (Wii) అనే గేము యంత్రాన్ని ఇంటికి తెచ్చాడు. మా ఇంట్లో జెల్డా అనే సాహసగాథల ఆటలు అలా మొదలయ్యాయి. ఈ వరుసలో మొదటి ఆట 1986లో వచ్చింది. కథానాయకుడు లింక్ అనే కుర్రవాడు. చాలాకాలం పాటు అతడిని ఎడమచేతి వాటం వాడిగానే చూపిస్తూ వచ్చారు. 1998లో వచ్చిన ఒకరినా ఆఫ్ టైమ్‌లో కత్తి ఎడమ చేతిలో, డాలు కుడి చేతిలో ఉంటాయి. ఇది నాకు ఎంత పెద్ద విషయమో మాటల్లో చెప్పడం కష్టం. మన భారతంలో అర్జునుడు రెండు చేతులతోనూ బాణం వేయగలవాడు. కానీ అచ్చంగా ఎడమచేతి వాటం ఉన్న వీరుడు నేను చిన్నప్పుడు విన్న కథల్లో ఒక్కడూ లేడు. ఇక్కడ దొరికాడు. అతడి చేతి మీద ఎవరూ చరవలేదు.

ఆ వీరుడి చేయి మార్చింది మోషన్ కంట్రోలే. 2006లో ట్విలైట్ ప్రిన్సెస్ అనే జెల్డా ఆట నింటెండో పాత యంత్రం గేమ్‌క్యూబ్‌కూ, కొత్తగా వచ్చిన వీ యంత్రానికీ రెండింటికీ వచ్చింది. గేమ్‌క్యూబ్‌లో బటన్లతో ఆడతారు, అక్కడ లింక్‌ది ఎడమచేతి వాటమే. వీ యంత్రంలో చేతి రిమోట్ విదిలిస్తే కత్తి దూస్తాడు. ఆడేవారిలో ఎక్కువమంది రిమోట్‌ను కుడి చేతిలో పట్టుకుంటారు కనుక వీరుడిని కుడిచేతి వాడిగా మార్చాలనుకున్నారు. ఒక్క వీరుడిని మార్చడానికి బదులు మొత్తం లోకాన్నే అద్దంలో చూపినట్లు తిరగేశారు. ఎడమవైపు ఉన్న ఊరు కుడివైపుకు, కుడివైపు ఉన్న కొండ ఎడమవైపుకు వెళ్లిపోయాయి. పదేళ్ల తరవాత 2016లో ఇదే ఆట వీ యు యంత్రానికి మెరుగులు దిద్దుకుని వచ్చింది. అందులో కత్తి కోసం చేయి ఊపే పని లేదు. మామూలు స్థాయిలో ఆడితే లోకం మళ్లీ సరిగా తిరిగింది, కత్తి మళ్లీ ఎడమ చేతికి వచ్చింది.

ఇంతా చేసి, 2006 నాటి ఆ ఊపులో ఉన్నది ఎంత? అప్పటి వీ రిమోట్‌లో వేగంలో వచ్చే మార్పును పసిగట్టే యాక్సిలరోమీటర్, టీవీ దగ్గర పెట్టే పట్టీ నుంచి వచ్చే పరారుణ కాంతిని చూసే చిన్న కెమెరా ఉండేవి. రిమోట్ కదిలిందని దానికి తెలుసు. గాలిలో ఏ కోణంలో ఎంత తిరిగిందో కచ్చితంగా తెలియదు. కాబట్టి ట్విలైట్ ప్రిన్సెస్‌లో నిలువుగా విదిలించినా, అడ్డంగా విదిలించినా పెద్ద తేడా లేదు. ఒక బటన్ చేసే పనిని భుజానికి అప్పగించారు, అంతే. దాని కోసం ఒక వీరుడి చేయి మార్చడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

వ్యాసకర్త మెచ్చుకున్న స్కైవర్డ్ స్వోర్డ్ అనే ఇంకో జెల్డా ఆట సంగతి వేరు. 2011లో వచ్చిన ఆ ఆటను నేనూ మనసారా మెచ్చుకుంటాను. 2009లో వచ్చిన రిమోట్‌కు తగిలించే మోషన్‌ప్లస్ అనే పరికరంలో, ఎటు ఎంత తిరిగిందో పసిగట్టే గైరోస్కోప్ ఉంది. దానితో రిమోట్ ఎటు వంగితే కత్తి అటు వంగేలా చేయగలిగారు. మొసలిలా నోరు తెరిచే ఒక మొక్క అందులో వస్తుంది. దాని నోరు అడ్డంగా తెరుచుకుంటే అడ్డంగా, నిలువుగా తెరుచుకుంటే నిలువుగా నరకాలి. శత్రువు కత్తిని ఎటు పట్టుకున్నాడో చూసి, ఖాళీగా ఉన్న వైపు నుంచి కొట్టాలి. అక్కడ చేతి కదలికే చిక్కుముడి, అదే జవాబు. కదలికను ఆటలో అంత లోతుగా ఆలోచించి పెట్టిన వారిని గౌరవించకుండా ఎలా ఉంటాను?

అయినా అది ఎవరి చేతికి సరిపోతుందని అడగాలి. రిమోట్‌ను నేను ఎడమ చేతిలో పట్టుకోవచ్చు, కానీ తెర మీద లింక్ కత్తి తిప్పేది కుడి చేతితోనే. నా ఎడమ చేతికి సులువుగా వచ్చే ఊపు తెర మీద అతడి కుడి చేతికి ఒంటికి అడ్డంగా తిప్పే ఊపు అవుతుంది. ఆడుతుంటే సూచిక మధ్యలోంచి పక్కకు జరిగిపోతుంది, మళ్లీ మధ్యకు తెచ్చుకోవాలి. పైగా అలసట ఒకటి. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. దానికి ముందు వారాల్లో మా దుకాణాల్లో ఊపిరాడదు. పొద్దంతా పట్టు, జరీ గుడ్డలు కత్తిరించి ఇంటికి వెళ్లేసరికి మణికట్టు ముడుచుకోనంటుంది. ఆ వేళ కత్తి ఝుళిపించే ఓపిక ఎక్కడిది? కథలో తరవాత ఏమవుతుందో తెలుసుకోవాలన్న ఆశ మాత్రం అలాగే ఉంటుంది. చేతిలో సత్తువ లేనంత మాత్రాన కథ నాకు మూసుకుపోవాలా?

ఈ ప్రశ్నకు జవాబు ఆ ఆటలోంచే వచ్చింది. స్కైవర్డ్ స్వోర్డ్ 2021 జూలైలో నింటెండో స్విచ్ యంత్రానికి మళ్లీ విడుదలైంది. ఈసారి రెండు పద్ధతులూ పెట్టారు. చేయి ఊపాలనుకునే వారు ఊపవచ్చు. వద్దనుకునే వారు కంట్రోలర్‌లో కుడివైపు స్టిక్‌ను, అంటే బొటనవేలితో నెట్టే చిన్న మీటను, ఎటు నెడితే కత్తి అటు తిరుగుతుంది. మొక్క నోరు అడ్డమా నిలువా అన్న ఆలోచన అలాగే మిగిలింది, ఒళ్లునొప్పి పోయింది. సర్దుబాట్లూ లేకపోలేదు. చుట్టూ చూసే కెమెరాకు స్టిక్ కావాలంటే ఇంకో బటన్ పట్టుకుని ఉండాలి. అదేమంత భారం కాదు. మా అబ్బాయి నిలబడి ఊపుతూ ఆడతాడు, నేను గోడకు ఆనుకుని కూర్చుని ఆడతాను. ఇద్దరం ఒకే కథ గురించి మాట్లాడుకుంటాం. పదేళ్ల కిందట తప్పనిసరి అన్నది తప్పనిసరి కాదని చేసినవారే చూపించారు.

వ్యాసంలో అసలు ప్రస్తావనకే రాని విషయం ఒకటుంది. కదలిక అంటే కత్తిలా చేయి ఊపడమే కాదు. 2017లో వచ్చిన బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ అనే జెల్డా ఆటలో విల్లు ఎక్కుపెట్టినప్పుడు గైరో (గైరోస్కోప్) పనిచేస్తుంది. దూరపు గురి దగ్గరకు స్టిక్‌తో వెళ్లి, చివరి వెంట్రుకవాసి దూరాన్ని కంట్రోలర్‌ను కాస్త వంచి సరిచేసుకుంటాం. ఇది ఎందుకు అంత హాయిగా ఉంటుందో నేను చాలాకాలం ఆలోచించాను. స్టిక్‌ను నెడితే మనం చెబుతున్నది చూపు ఎంత వేగంగా తిరగాలన్నది. సరైన చోట ఆపడానికి సరైన క్షణంలో వదలాలి, ఒక్క క్షణం ఆలస్యమైనా గురి దాటిపోతుంది. గైరోలో మణికట్టు ఎంత వంగితే గురి అంత జరుగుతుంది, మణికట్టు ఆగితే గురి ఆగుతుంది. సూదిలో దారం ఎక్కించే చేతికి రెండోదే తెలిసిన పని. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, కంట్రోలర్‌ను రెండు చేతుల మధ్య పట్టుకుని వంచుతాం కాబట్టి ఇందులో కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం అన్న పేచీ పుట్టదు. వద్దనుకుంటే సెట్టింగుల్లో ఆపేయవచ్చు కూడా. కదలికతో ఆడటంలో పదికాలాలు నిలిచేది ఇదేనని నా నమ్మకం.

అదే ఆటలో కొన్ని గుడి వంటి గదుల్లో మాత్రం తప్పనిసరి మళ్లీ వచ్చింది. కంట్రోలర్‌ను వంచుతూ ఒక పలక మీద బంతిని దొర్లించి దారి దాటించాలి. స్టిక్‌తో చేసే వీలు లేదు. పలకను మొత్తం బోర్లా తిప్పితే దాని వెనక వైపు చదునుగా ఉంటుంది, బంతిని సులువుగా దొర్లించేయవచ్చు. మా అబ్బాయి దాన్ని కనిపెట్టి "అమ్మా, ఇటు చూడు" అని కేకపెట్టాడు. తెలివైన పనే. కానీ రైల్లో శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటుతూ ఒడిలో యంత్రం పెట్టుకుని ఆడేవారు పలకను ఎటు తిప్పగలరు?

ఇంకో మాట. ఆ ఆటలో కత్తికి ఊపే పనే లేదు, బటన్లే. అయినా లింక్ కుడిచేతి వాడిగానే మిగిలాడు. కత్తి దూసే బటన్లు కంట్రోలర్‌కు కుడివైపున ఉండటమే కారణమని నిర్మాత ఐజి అవొనుమా 2016లో వివరించారు. ఆయన పనితనం మీద నాకు ఎంతో గౌరవం ఉన్నా ఈ కారణం నాకు సరిపోలేదు. ఒకరినా ఆఫ్ టైమ్‌లోనూ కత్తి బటన్ కుడివైపునే ఉండేది. ఎడమచేతి వీరుడు దానితో హాయిగా పోరాడాడు. బటన్‌కు చేయి లేదు, అదే దాని గొప్పతనం.

బటన్ల కంట్రోలర్‌ను వ్యాసకర్త పాత సామాను అన్నారు. 1982లో నింటెండోలో గున్పే యొకోయి చేతిలో ఇమిడే ఒక చిన్న ఎలక్ట్రానిక్ ఆటకు ఎడమ బొటనవేలి కింద నాలుగు దిక్కుల మీట పెట్టారు. ఆ తరవాత వచ్చిన కంట్రోలర్లలో ఎక్కువ భాగం అదే పద్ధతిలో నడకను ఎడమ చేతికి ఇచ్చాయి. కుడిచేతి వారికి కూడా పరుగు, మలుపు, గోడ అంచున నిలబడటం అన్నీ ఎడమ బొటనవేలి పనే. మా ఇంట్లో ఎడమ చేతికి బరువైన పని అప్పగించిన వస్తువు నాకు కత్తెర తరవాత ఇదొక్కటే. దీన్ని పాతదని పారేయమంటే నా ప్రాణం ఒప్పుకోదు.

కంపెనీలు బలవంతం చేసి వెనక్కి తగ్గిన ఉదాహరణలు ఇంకా ఉన్నాయి. ప్లేస్టేషన్ 3లో 2007లో వచ్చిన లెయిర్ అనే ఆటలో డ్రాగన్‌ను కంట్రోలర్ వంచి మాత్రమే ఎగిరించాలి. మరుసటి ఏడాది స్టిక్‌తో ఆడే వీలు కల్పిస్తూ సవరణ ఇచ్చారు. 2010లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన, ఒంటి కదలికను కెమెరాతో చూసే కినెక్ట్‌కు కంట్రోలరే అక్కరలేదు, కానీ ఆడేవారు దానికి ఆరడుగుల దూరంలో నిలబడాలి. ముందు గదిలోనే మంచం, బీరువా, కుట్టు మిషను పెట్టుకున్న ఇళ్లు మా వీధిలో ఎన్నో. దాని తయారీ 2017లో ఆగిపోయింది. 2018లో మైక్రోసాఫ్ట్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. చేతులు సరిగా పనిచేయని వారు పెద్ద బటన్లను, కాలితో నొక్కే మీటలను దానికి తగిలించుకుని ఆడవచ్చు. ముందడుగు అంటే నాకు ఇదే కనిపిస్తుంది.

పిల్లల వ్యాయామం గురించి వ్యాసకర్త బెంగను నేను కొట్టిపారేయడం లేదు. అందుకు మాకు అయోధ్య మైదానం ఉంది, మా అబ్బాయి సాయంత్రాలు అక్కడే క్రికెట్ ఆడతాడు. సాహసగాథ చేసే పని వేరు. పోయిన దారిని గుర్తుపెట్టుకోవడం, గోడ మీది బొమ్మకూ తలుపు తాళానికీ సంబంధం ఊహించడం, ఓడిపోతే ఎక్కడ ఓడామో ఆలోచించడం. చెమట పట్టలేదని ఆ శ్రమను తక్కువ చేయకండి.

మీ పత్రికకు ఒక మనవి. గేముల సమీక్షలు వేసేటప్పుడు బొమ్మలు, ధర, కథతో పాటు ఇంకొన్ని సంగతులు కూడా తప్పక రాయించండి. మోషన్ కంట్రోల్‌ను పూర్తిగా ఆపేసి చివరి వరకూ ఆడవచ్చా, లేక మధ్యలో ఎక్కడైనా తప్పనిసరి అవుతుందా? బటన్లను ఎడమకూ కుడికీ మార్చుకునే వీలుందా? కూర్చుని ఆడవచ్చా? డబ్బా మీద ఇవేవీ తెలుగులో ఉండవు, తెరిచాక దుకాణదారు వెనక్కి తీసుకోడు. నెలలతరబడి దాచుకున్న డబ్బుతో పిల్లలకు ఒక్క ఆట కొనే మా వంటి వారికి మీ సమీక్షే ఆధారం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గంటస్తంభం దగ్గర, విజయనగరం