బొమ్మ రాడార్ గన్ తప్పెక్కడ చూపిస్తుంది?

సంపాదకుడు గారికి,

సైన్స్ ఫెయిర్‌కి బొమ్మ రాడార్ గన్ (రేడియో తరంగాలు పంపి, అవి తగిలి తిరిగొచ్చే తీరును బట్టి వేగం చూపే బొమ్మ) వాడే కావలి, ఒంగోలు పిల్లలు ముందు కోణం చూసుకోవాలి. బండి సూటిగా ఎదురొస్తేనే అంకె సరిగ్గా వస్తుంది. 30 డిగ్రీలు పక్కనుంచి గురిపెడితే 60 కిలోమీటర్ల వేగం 52గా కనిపిస్తుంది. బైకుకు గురిపెట్టినా వెనక లారీ వేగం పడొచ్చు. అంత పెద్ద రేకు తరంగాలను ఎక్కువగా తిప్పికొడుతుంది మరి. గన్ మీట బొమ్మకార్ల స్కేలు 1:64 (అసలు కారులో 64వ వంతు సైజు) మీద ఉండిపోతే అంకె 64 రెట్లు! గదిలో ఫ్యాను ఆపండి, దాని రెక్కల వేగం కూడా పడొచ్చు. సరిచూడాలంటే బడి మైదానంలో 50 మీటర్లు టేపుతో కొలిచి, సైకిల్‌ను ఒకే వేగంతో 10 సెకన్లలో దాటించండి. గంటకు 18 కిలోమీటర్లు రావాలి. 11 వస్తే మీట మైళ్ల మీద ఉన్నట్టే. హైవే అంచున నిలబడి మాత్రం కొలవొద్దు.

– భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు, కావలి