ఫొటోలో వెనకనున్నదీ వార్తే

సంపాదకులకు,

అయ్యా,

పోయిన నెలలో మీ జిల్లా అనుబంధంలో మొక్కలు నాటే కార్యక్రమం ఫొటో ఒకటి వచ్చింది. అందులో ఉన్న నలుగురూ మా ఊరివారే, వారి చేతుల్లోని మొక్కలూ నిజమైనవే. కాని వారి వెనక కనిపించిన పచ్చని తోపు మాత్రం మా ఊళ్లో ఎక్కడా లేదు. అక్కడ ఉన్నది సున్నం రాలిన ప్రహరీ గోడ, దాని పక్కన ఒక ట్రాన్స్‌ఫార్మర్. ముప్పై ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నవాణ్ని కనుక, మనుషుల నీడలు కుడికీ చెట్ల నీడలు ఎడమకూ పడటం చూడగానే, ఎవరో కృత్రిమ మేధ (ఏఐ)తో నేపథ్యం మార్చి పంపారని అర్థమైంది. మీ విలేకరికి గాని, పుట కూర్చినవారికి గాని దురుద్దేశం ఉందని నేననుకోవడం లేదు. గోడ కంటే తోపు కంటికి ఇంపుగా ఉంటుందని పంపినవారు భావించి ఉంటారు. అయితే ఆ ఇంపు అసలు సంగతిని కప్పేసింది. ఆ గోడ పక్కన మూడేళ్లుగా ఏటా మొక్కలు నాటుతూనే ఉన్నారు, ఒక్కటీ బతకలేదు.

నేపథ్యం మార్చడం మా వృత్తికి కొత్త కాదని ముందే ఒప్పుకుంటాను. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1880లలో సికింద్రాబాదులో స్టూడియో తెరిచేనాటికే రంగులు వేసిన తెరల ముందు కూర్చోబెట్టి ఫొటోలు తీయడం మామూలు. నేను పని నేర్చుకున్న స్టూడియోలో మూడు సీనరీ తెరలుండేవి: తాజ్‌మహల్, మెట్లున్న మేడ, కొబ్బరిచెట్ల సముద్రతీరం. కొత్త దంపతులు ఎక్కువగా తాజ్‌మహలే కోరేవారు. తెర కింది అంచు, ఒక్కోసారి గోడమీది స్విచ్‌బోర్డు కూడా ఫొటోలో పడేవి. ఆ జంట ఆగ్రా వెళ్లివచ్చిందని ఎవరూ మోసపోలేదు. తీయించుకున్నవారికీ చూసేవారికీ తెలిసిన ముచ్చట అది. ఇప్పుడు వచ్చిన తేడా అల్లా తెర అంచు కనిపించకపోవడమే.

2023 మే నెలలో ఫొటోషాప్‌లో, ఎంచుకున్న భాగాన్ని కృత్రిమ మేధతో నింపే ‘జెనరేటివ్ ఫిల్’ ప్రయోగాత్మకంగా వచ్చినప్పుడు నేనూ సంబరపడ్డాను. అంతకుముందు ఒక పెళ్లికూతురి జడ చుట్టూ వెంట్రుకలు చెదరకుండా కటింగ్ చేయడానికే అరగంట పట్టేది. ఇప్పుడు మనిషిని వదిలి మిగతా భాగాన్ని ఎంచుకొని, కావలసినదేమిటో రెండు మాటల్లో రాస్తే, వెలుగు వచ్చే దిక్కును కూడా చాలావరకు సరిపోల్చి కొత్త నేపథ్యం నిమిషంలోపే తయారవుతుంది. ఆ పద్ధతిలో ఎంచుకున్న భాగం వరకే మారుతుందన్న భరోసా ఉంది. 2025లో గూగుల్ వారి జెమినై వంటి సాధనాలతో ఫోన్‌లోనే ఫొటోలు మార్చే వీలు వచ్చాక ఆ భరోసా కూడా తగ్గింది, ఎందుకంటే అవి మనమిచ్చిన ఫొటోను ఆధారం చేసుకొని బొమ్మ మొత్తాన్ని కొత్తగా తయారు చేస్తాయి. వెనకనున్నది మాత్రమే మార్చమన్నా ముఖం రవ్వంత మారవచ్చు, చీర అంచులో నెమళ్లు హంసలు కావచ్చు, నల్లపూసల్లో ఒక వరుస మాయం కావచ్చు. ఆ సెప్టెంబరులో పాతకాలపు చీరకట్టు ఫొటోల మోజు సాగినప్పుడు మా స్టూడియోకు ప్రింట్ల కోసం వచ్చిన అమ్మాయిల్లో కొందరు, ఫొటోలో ఉన్నది తామో కాదో తేల్చుకోలేక నవ్వుకుంటూ వెళ్లారు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఒక గృహస్థు తన తల్లిదండ్రుల షష్టిపూర్తి ఆల్బమ్‌లో, వారు పెంకుటింటి అరుగుమీద కూర్చున్న ఫొటోకు వెనక రాజమహలు పెట్టమన్నాడు. పెట్టాను. హార్డ్‌డిస్క్‌లో చోటు చాలక ఆరు నెలల తర్వాత అసలు ఫైల్ తీసేశాను. రోడ్డు వెడల్పులో ఆ ఇల్లు పోయాక ఆయన వచ్చి, అరుగు కనిపించే ఫొటో ఉందా అని అడిగాడు. నా దగ్గర మహలు మాత్రమే ఉంది. అప్పటినుంచి నేపథ్యం మార్చిన ప్రతి ఫొటోకూ అసలు ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి కొన్నవారికే ఇస్తున్నాను.

ఆల్బమ్‌లో ఎవరి ముచ్చట వారిది. రుజువుగా చూపే ఫొటో సంగతి వేరు. అమెరికా వీసాకు దరఖాస్తు చేసే విద్యార్థులు హాస్టల్ గోడ ముందు తీసుకున్న సెల్ఫీ తెచ్చి, వెనక తెల్లగా చేసి ఇవ్వమని అడుగుతుంటారు. ఫొటోను డిజిటల్‌గా మార్చకూడదని ఆ దేశ విదేశాంగ శాఖ నిబంధనల్లో స్పష్టంగా ఉంది; కాబట్టి వారిని తెల్ల తెర ముందు నిలబెట్టి మళ్లీ తీస్తాను, ఆలస్యమవుతోందని విసుక్కున్నా సరే. ఒక గోడను తెల్లగా చేయడానికే అక్కడ ఒప్పుకోనప్పుడు, గోడ ఉన్నచోట తోపును పెట్టిన ఫొటో వార్తాపత్రికలో ఎలా చెల్లుతుంది?

వార్తా చిత్రంలో చాలాసార్లు మనిషి కంటే వెనకనున్నదే ఎక్కువ చెబుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో దూరాన ఉన్నవారు తెలుసుకున్నది ఫొటోల్లోని కరెంటు స్తంభాలను, ఇళ్ల గుమ్మాలను, సగం మునిగిన ఆటోలను చూసే. ఆ స్తంభం ఒక్క మూర జరిగినా నష్టం లెక్క మారుతుంది. 2025 వసంతంలో హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో నాలుగు వందల ఎకరాల వివాదం నడిచినప్పుడు, బుల్‌డోజర్ల ముందు జింకలు, నెమళ్లు ఉన్నట్లు కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు సామాజిక మాధ్యమాల్లో తిరిగాయి. చెట్లు కొట్టడం నిజం. సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న ఆ పనిని ఆపించింది కూడా. అయినా ఆ బొమ్మల పుణ్యమా అని, అక్కడ నిలబడి తీసిన నిజమైన ఫొటోలను కూడా ‘ఇదీ ఏఐదే’ అని కొట్టిపారేయడానికి వీలు చిక్కింది. చెట్ల పక్షాన ఉన్నామనుకొని బొమ్మ చేసినవారు చేసిన చేటు అది.

పెద్ద వార్తాసంస్థలు ఈ విషయంలో మొహమాటపడవు. 2024 మార్చిలో బ్రిటన్ రాజకుటుంబం విడుదల చేసిన యువరాణి, పిల్లల ఫొటోలో ఒక పాప చేతి దగ్గర అతుకు కుదరలేదని గుర్తించిన వెంటనే అసోసియేటెడ్ ప్రెస్, రాయిటర్స్ వంటి సంస్థలు దాన్ని ఉపసంహరించుకున్నాయి, పంపినది రాజకుటుంబమైనా సరే. వార్తా ఫొటోలకు అంతర్జాతీయ పోటీ నిర్వహించే వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ 2024 పోటీలో ఒక విభాగానికి కృత్రిమ మేధ చిత్రాలను అనుమతిస్తామని 2023 నవంబరులో ప్రకటించి, ఫొటోగ్రాఫర్లు నిలదీయడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది.

మన జిల్లా పుటలకు ఫొటోలు ఎక్కువగా వాట్సాప్‌లోనే వస్తాయని నాకు తెలుసు, నేనూ అలాగే పంపుతాను. చిక్కు అక్కడే ఉంది. ఫొటో ఎప్పుడు, ఏ కెమెరాతో తీశారో, ఏ సాధనంతో దిద్దారో చెప్పే వివరాలు ఫైల్‌లోపల ఉంటాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అవి రాలిపోతాయి, డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి. కాబట్టి విలేకరుల నుంచి, కార్యక్రమాల నిర్వాహకుల నుంచి వచ్చే ఫొటోలను డాక్యుమెంటుగానే తీసుకోవాలని, అనుమానం వస్తే ముందూ వెనకా తీసిన మరో రెండు ఫొటోలు అడగాలని కోరుతున్నాను. మొక్క నాటుతూ ఒకే ఒక్క ఫొటో దిగినవారిని నేనింతవరకు చూడలేదు. వెలుతురు సరిచేయడానికి, అంచులు కత్తిరించడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ప్రకటనల్లో, సినిమా పుటల్లో, పండుగ ప్రత్యేక సంచికల్లో నేపథ్యం మార్చితే బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ‘నేపథ్యం మార్చిన చిత్రం’ అని వేస్తే చాలు. వార్తల్లో మాత్రం అటువంటి ఫొటో అసలు వేయకూడదు; పొరపాటున పడితే, పడిన పుటలోనే సవరణ వేయాలి.

ఆ సవరణ మా ఊరి ఫొటోతోనే మొదలుపెట్టవలసిందిగా మనవి. గోడ, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న అసలు చిత్రం పంపినవారి ఫోన్‌లో ఇంకా ఉండే ఉంటుంది. దాన్ని తెప్పించి వేయండి. నాటిన మొక్కల్లో ఎన్ని నిలిచాయో వచ్చే వేసవిలో అదే గోడ పక్కన నిలబడి నేనే ఫొటో తీసి, డాక్యుమెంటుగా పంపుతాను.

భవదీయుడు,
ఒక ఫొటో స్టూడియో నిర్వాహకుడు,
గుంటూరు జిల్లా